తోకల లెక్క

వరి ఈని, గింజ పాలుపోసుకునే వేళ. కృష్ణా డెల్టాలోని ఆ పల్లెలో ఓ యువరైతు తెల్లారి చేనుకి వెళ్లేసరికి గుండె గుభేలుమంది. మడి మధ్యలో ఎవరో కొడవలి పెట్టినట్టు దుబ్బులు తెగిపడి ఉన్నాయి. ఎలుకలే! వెంటనే యానాది తాతకి కబురు పంపాడు.

తాత అడుగున కన్నమున్న కుండతో వచ్చాడు. గట్టుమీద తాజా మట్టి కనిపించిన చోట ఆగాడు. లోపల పందికొక్కు ఉన్నట్టే. మిగతా దారులన్నీ బురదతో మూశాడు. కుండలో ఎండుగడ్డి కుక్కి, నిప్పంటించి, మూతిని కలుగుకి ఆనించి, అడుగు కన్నంలోంచి ఊదాడు. పొగకి దగ్గు తెరలుతెరలుగా వచ్చింది. తవ్వాక చెయ్యి పెట్టేముందు కర్రతో కదిపి చూశాడు. కలుగులో పాము కూడా ఉండొచ్చు మరి! ఆ ఒక్కదాంట్లోనే తల్లీ, ఏడు పిల్లలూ, దాచుకున్న కంకులూ.

సాయంత్రానికి ముప్పై తోకలు. తోకకింతని కూలి.

‘‘అన్నీ అయిపోయినట్టేనా తాతా?’’

‘‘ఎక్కడ బాబూ! పక్క చేలోవి రేపు ఇటే వస్తాయి. నాట్లేసిన కొత్తలో పట్టుంటే పదింటితో పోయేది. మూడు వారాలు మోసి ఈనేస్తాయి. గింజ పడితే వాటికి పండగే.’’

‘‘ఆ ముక్క అప్పుడే చెప్పొచ్చుగా?’’

తాత తలొంచుకున్నాడు. అరుగుమీది నాన్నమ్మ అందుకుంది. ‘‘ఎలా చెబుతాడ్రా? పది తోకల కూలితో వాళ్లింట్లో పొయ్యి వెలుగుతుందా?’’

అతనికి నోట మాట రాలేదు. నిరుడు జింకు ఫాస్ఫైడు ఎర పెట్టాడు. కాస్త తిని బతికిన ఎలుకలు మళ్లీ దాని జోలికి రాలేదు. బ్రోమోడయోలోన్ పెడదామంటే, అది తిన్న ఎలుకని తింటే గుడ్లగూబకీ ముప్పే. ఎలుకల్ని తినే పిట్టని చంపుకుంటే రేపు కాపలా ఎవరు?

తరవాతి పంటకి ఇరుగుపొరుగు రైతుల్ని కూర్చోబెట్టాడు. ఒక్కడే పట్టిస్తే లాభంలేదు, ఊరంతా ఒకేసారి, అదీ పంట మొదట్లోనే పట్టించాలన్నాడు. శాస్త్రవేత్తలు ఏళ్లుగా చెబుతున్నదీ అదే. కలుగులకి చోటు లేకుండా గట్లు సన్నగా చెక్కారు. కూలి మాత్రం తోకల లెక్కన కాదు, ఎకరాల లెక్కన అనుకున్నారు.

నాట్లయిన కొద్దిరోజులకే తాత గట్ల వెంట వెదురు బుట్టలు పెట్టాడు. పొగ ఊదే పని సగం తప్పింది. ఆ రాత్రి అతని చేలో పడ్డవి పదకొండే. కూలి డబ్బులు లెక్కపెట్టుకుని తాత కంగారుపడ్డాడు.

‘‘ఎక్కువిచ్చారు బాబూ... పదకొండేగా!’’

నాన్నమ్మ నవ్వింది. ‘‘ఉంచుకోవయ్యా! పుట్టకుండా ఆపావే, వాటి తోకలు కూడా లెక్కేశాడులే మావాడు.’’