రవ్వంత నిప్పు కోసం

పాతకారున్న ఇంట్లో సలహాలకు కరువుండదు. మా నాన్నగారు 1972లో కొన్న అంబాసిడరు ఒకనాడు గుప్పున పొగ వదిలి ఆగిపోయేసరికి, వీధిలోవాళ్ళంతా దానికి వైద్యులైపోయారు. "పాత ఇనుముకు వేసెయ్యండి మాస్టారూ!" అన్నారు ఎదురింటాయన. మావాడు అప్పుడే బేరం కూడా మాట్లాడేశాడు. వాడిదేం పోయింది? మోకాళ్ళు వంగని మా అమ్మ ఒకరి సాయం లేకుండా ఎక్కి కూర్చోగల బండి అదొక్కటే. అది పోతే ఆవిడకు గుడీ లేదు, చెల్లెలిగారి ఇల్లూ లేదు.

పొగకు కారణం వెంటనే దొరికింది. నెల కిందట కొత్త హారను బిగించినవాడు, దాని వైరును రబ్బరు తొడుగైనా లేకుండా రేకు అంచు మీదుగా లాగాడు. ఒరుసుకుని ఒరుసుకుని అది బాడీకి తగిలింది. పైగా, తాళం స్విచ్చి నుంచి కాయిలుకు పోయే వైరులోంచి కరెంటు తీశాడు. మా బండిలో ఆ దారికి ఫ్యూజు లేదు. ఫ్యూజు లేనిచోట వైరే ఫ్యూజు గదా! కాలింది.

బ్యాటరీ తీగ విప్పి, కాలిన వైర్లు మార్చి, మళ్ళీ తగిలించాను. స్టార్టరు గిర్రున తిరిగింది గాని, ఇంజను ఉలకలేదు, పలకలేదు. ప్లగ్గులో రవ్వ లేదు. "కాయిలూ, డిస్ట్రిబ్యూటరూ, వైరింగూ మొత్తం మార్చాల్సిందే" అని తేల్చాడు మేం పిలిపించిన ఎలక్ట్రీషియను. ఆ ఖర్చు వినగానే మావాడు ఇనుము కొనేవాడికి ఫోను తీశాడు.

"ఒక్క గంట ఆగరా" అని, 12 వోల్టుల బల్బుకు రెండు వైర్లు కట్టాను. ఒక కొస బాడీకి, రెండోది కాయిలుకు కరెంటు వచ్చే వైపు పెట్టి తాళం తిప్పితే వెలిగింది. అంటే అక్కడిదాకా క్షేమం. తరవాత డిస్ట్రిబ్యూటరు వైపు పెట్టి, మావాడి చేత స్టార్టరు తిప్పించాను. లోపలి పాయింట్లు విడినప్పుడల్లా బల్బు వెలగాలి, కలిసినప్పుడల్లా ఆరాలి. అసలు వెలగలేదు. కాయిలు నుంచి డిస్ట్రిబ్యూటరుకు పోయే వైరును కాయిలు దగ్గర విప్పాను. వెలిగింది! కాయిలు తెగలేదన్నమాట. వైరును అక్కడ తగిలించి, ఈసారి డిస్ట్రిబ్యూటరు దగ్గర విప్పాను. మళ్ళీ వెలగలేదు. దొంగ దొరికాడు. మూరెడైనా లేని ఆ వైరే!

హారను వైరుతో కలిపి దానికీ టేపు చుట్టి ఉంది. పక్కవాడి వేడికి దీని తొడుగూ కరిగి, లోపలి రాగి ఇనుముకు అంటుకుంది. పాయింట్లు విడి, ప్రవాహం ఠక్కున తెగినప్పుడే కాయిలులో వేల వోల్టులు పుట్టి ప్లగ్గులో రవ్వ ఎగురుతుంది. ఇక్కడ పాయింట్లు విడినా కరెంటు తెగడం లేదు. బండి ఆగింది కరెంటు లేక కాదు, తెగక!

కొత్త వైరు వేశాను. ఇంజను అందుకుంది.

"ఎంతయిందిరా?" అని అడిగింది అమ్మ, వెనకసీట్లో సర్దుకుంటూ. చెప్పాను.

"ఆ పాటిదానికా నా బండిని అమ్మబోయారు?" అంది, మనవడికేసి చూస్తూ. వాడు మాట్లాడకుండా తలుపు వేశాడు.

పాతబండి గలవారికి ఒక్క మాట. కొత్తగా ఏది బిగించినా దానికి వేరే ఫ్యూజు పెట్టించండి. వైరు రేకు దాటేచోట రబ్బరు తొడుగు వేశాడో లేదో మీ కళ్ళతో చూశాకే డబ్బివ్వండి.