నెక్కొండ పట్టాల మీద లోహపు మంట

కాజీపేట–విజయవాడ లైనులో వరంగల్, కేసముద్రం మధ్య ఉన్న స్టేషన్ నెక్కొండ. ఈ లైను మీద పట్టాలను అక్కడికక్కడే అతికే పద్ధతి థర్మిట్ వెల్డింగ్. ఇందులో కట్టె, బొగ్గు ఏదీ ఉండదు, కాలేది లోహమే.

ముందుగా బ్లాక్ తీసుకుని రైళ్లు ఆపుతారు. రెండు పట్టాల కొనల మధ్య 25 మిల్లీమీటర్ల సందు వదిలి, చుట్టూ ఇసుక మోల్డు బిగించి, అంచుల్లో తడి ఇసుక మెత్తుతారు. కొనలు ఎర్రబడేదాకా టార్చితో కాలుస్తారు. పైనున్న క్రూసిబుల్‌లో పోసేది ‘పోర్షన్’, అంటే ప్రధానంగా అల్యూమినియం పొడి, ఇనుప ఆక్సైడు కలిపిన మిశ్రమం. కాకరపువ్వొత్తి లాంటి పుల్ల వెలిగించి అందులో గుచ్చగానే క్రూసిబుల్ బుసకొడుతుంది. నల్లద్దాలు లేకుండా చూడలేనంత తెల్లటి వెలుగు. అల్యూమినియం ఇనుము నుంచి ఆక్సిజన్‌ను లాక్కుంటుంది. రెండు వేల డిగ్రీలు దాటిన ఆ వేడికి కరిగిన ఉక్కు అడుక్కి దిగుతుంది, మడ్డి పైకి తేలుతుంది. అడుగు రంధ్రం తెరుచుకుని ఉక్కు సందులోకి దిగుతుంది. ఇంకా ఎర్రగా ఉండగానే, పైన పొంగి నిలిచిన లోహాన్ని కోసేస్తారు. జర్మన్ రసాయన శాస్త్రవేత్త హాన్స్ గోల్డ్‌ష్మిట్ 1895లో పేటెంట్ కోరిన పద్ధతి ఇది.

ఈ పనిలో అందరి కళ్లూ మంట మీదే ఉంటాయి. అసలు చూడాల్సింది పోర్షన్ తెచ్చే సంచిని. అంత నిప్పును దాచుకున్న పొడిని మనుషులు చేత్తో మోసుకొస్తారు. అయినా అది దారిలో అంటుకోదు, ఎందుకంటే ప్రతి అల్యూమినియం రేణువు మీదా కొన్ని నానోమీటర్ల మందాన రక్షణగా ఆక్సైడు పొర ఉంటుంది. దానికి తోడు, ఈ చర్య మొదలవ్వాలంటే చాలా ఎక్కువ వేడి కావాలి.

రక్షణ పొర లేకుండా, లోహాన్ని అతి సన్నగా చేస్తే పుల్ల కూడా అక్కర్లేదు. దుంగ ఓ పట్టాన అంటుకోదు, రంపపు పొట్టు ఇట్టే అంటుకుంటుంది. పలుచని ఉక్కు రేకుకు అల్యూమినియం పూత పూసి, రెండూ కలిసేలా వేడిచేసి, కాస్టిక్ సోడాలో ముంచుతారు. అల్యూమినియం కరిగిపోతుంది, ఇనుము లోపలంతా నానో రంధ్రాలతో స్పాంజిలా మిగులుతుంది. గాలి తగలగానే ఆ పూత మంట లేకుండా ఎర్రగా కణకణలాడుతుంది. వేడిని వెతుక్కుంటూ వచ్చే క్షిపణుల దారి మళ్లించడానికి యుద్ధ విమానాలు ఇలాంటి రేకులను వెదజల్లుతాయి. అప్పటిదాకా వాటిని గాలి చొరని పెట్టెలో ఉంచాల్సిందే.

ఇదే కిటుకుతో 1920ల్లో అమెరికా ఇంజనీరు ముర్రే రేనీ నికెల్‌ను స్పాంజిలా మార్చారు. మందుల తయారీలో హైడ్రోజన్ చేర్చే చర్యలకు ‘రేనీ నికెల్’ ఉత్ప్రేరకం. దాన్ని నీళ్లలో ముంచే ఉంచుతారు, వాడేశాక కూడా తడి ఆరనివ్వరు. వడకట్టిన గుడ్డ మీద మిగిలిన కాస్త పొడి ఆరినా చాలు, గుడ్డ అంటుకుంటుంది.