సంధ్యాదీపం

మా ఊరు అడవులదీవి. నిజాంపట్నం మండలంలో, సముద్రతీరానికి చేరువలో ఉన్న పల్లె. ఒకనాడు గుంటూరు జిల్లాలోనిది. 2022 నుండి బాపట్ల జిల్లాకు చెందినది.

1977 నవంబరు 19వ తేదీని మా తరంవారు మరువలేరు. ఆనాటి పెనుతుపాను నిజాంపట్నం సమీపంలోనే తీరం దాటింది. తుపాను కేంద్రానికి కుడివైపున వీచే గాలులు సముద్రాన్ని భూమి మీదికి నెట్టుతాయి. అందువలన మాకు తూర్పున ఉన్న దివిసీమను ఉప్పెన ముంచెత్తింది. వేలాదిమంది అసువులు బాసారు. మా వైపు గాలి విలయతాండవం చేసింది. ఆ రాత్రి ఇంటి మట్టిగోడ కూలి, ఆరేండ్ల మా కుమారుడు మాకు దక్కకుండా పోయాడు.

నిత్యం సంధ్యవేళ దీపం వెలిగించి ప్రార్థించేవాడిని నేను. ఆనాటి నుండి దీపం ముట్టలేదు. ‘నా బిడ్డ చేసిన పాపమేమి?’ అన్న ప్రశ్నకు సమాధానం దొరకలేదు. మిగిలిన పసిపాపను సైతం దగ్గరకు తీయలేదు.

ఒక సాయంకాలం నా భార్య ప్రమిదలో నూనె పోసి వత్తి వెలిగించింది.

“ఇంకా ఆ దేవుడికి దీపమెందుకు?” అని కసిరాను.

“నాకూ ఆయన మీద కోపమేనండీ. ఆ కోపం కూడా ఆయనకే చెప్పుకుంటున్నాను. పాప చీకటికి భయపడుతున్నది, ఎత్తుకోండి” అన్నది.

ఎత్తుకున్నాను. ఎన్నో దినాల తరువాత నా కన్నీరు కట్టలు తెంచుకున్నది.

నా ప్రశ్నకు నేటికీ సమాధానం లేదు. అయినా, దుఃఖంలోనూ మనలను నమ్ముకున్నవారిని విడువక నిలబడటమే విశ్వాసమని ఆనాడు గ్రహించాను. మరునాటి సంధ్యాదీపం నేనే వెలిగించాను.