కల్లెడ బడికాడ ఒక పూట

క్రీడల మ్యూజియం చూడాలని జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి జిల్లాలన్నీ తిరిగినా నాకు ఒక్కటీ దొరకలేదు. 2016 అక్టోబర్ 11న విడిపోకముందు ఇవి చాలావరకు ఒకే వరంగల్ జిల్లా. ఆ ఉమ్మడి జిల్లా ఆటల చరిత్ర కళ్లారా చూడాలంటే, నా లెక్కన పోవాల్సింది పర్వతగిరి మండలం కల్లెడకు. కాగితాల మీద ఇప్పుడది వరంగల్ జిల్లా. మా మహబూబాబాద్ వాళ్లకు మాత్రం పక్క ఊరి కిందే లెక్క. పొద్దున్నే రైలెక్కి, కేసముద్రం దాటి, నెక్కొండలో దిగి ఆటో మాట్లాడుకున్నాను.

"ఎవరింటికి పోవాలె సారూ?"

"ఇంటికి కాదు తమ్మీ, ఆర్‌డీఎఫ్ బడికాడికి."

"దీప్తక్క చదివిన బడా? ఎక్కుండ్రి."

దారి పొడుగునా పత్తి చేలు. ఆటో అబ్బాయి పారిస్ పరుగు కథ చెబుతూనే ఉన్నాడు. 2024 సెప్టెంబర్ 3న పారాలింపిక్స్‌లో, మేధోపరమైన లోపం ఉన్నవాళ్ల టీ20 విభాగం 400 మీటర్ల ఫైనల్లో జీవాంజి దీప్తి 55.82 సెకన్లలో పరుగు ముగించి కాంస్యం తెచ్చింది. అదే ఏడాది మే నెలలో జపాన్‌లోని కోబెలో ఆమె 55.07 సెకన్లకు పరుగెత్తి, అమెరికా అమ్మాయి బ్రియానా క్లార్క్ పేరిట ఉన్న 55.12 ప్రపంచ రికార్డును చెరిపేసింది. సెకనులో ఐదు నూరో వంతుల తేడా. రెప్పపాటు కన్నా తక్కువ సమయం అది. ఆ పరుగు మొదలైన ఊళ్లో నిలబడి తలచుకుంటుంటే నాకు ఒళ్లు పులకరించింది.

మేధోపరమైన లోపంతో పుట్టిన బిడ్డ దీప్తి. తల్లిదండ్రులు కూలీనాలీ చేసుకునేవాళ్లు. చిన్నప్పుడు ఊరివాళ్లూ చుట్టాలూ పిల్లను చూసి ఏమేం అన్నారో వాళ్లే పత్రికలకు చెప్పుకున్నారు. ఆ మాటలు నేనిక్కడ మళ్లీ రాయలేను. కడుపు నింపుకోవడానికి అమ్ముకున్న పొలాన్ని, 2023లో హాంగ్‌జౌ ఆసియా పారా క్రీడల్లో కూతురు స్వర్ణం గెలిచాక తిరిగి కొనుక్కున్నారు. బడిలో వ్యాయామ ఉపాధ్యాయుడు ఆమె కాళ్లలోని వేగాన్ని కనిపెట్టడం, తర్వాత కోచ్ నాగపురి రమేశ్ హైదరాబాద్‌కు పిలిపించుకోవడం, పుల్లెల గోపీచంద్ ఆదుకోవడం, ఇవన్నీ జరిగాకే కోబె, పారిస్. ఈ వరుసలో మొదటి మెట్టు పల్లెటూరి బడి. పతకం ఫొటోలో అది కనిపించదు.

రూరల్ డెవలప్‌మెంట్ ఫౌండేషన్ 1996లో పెట్టిన బడి ఇది. గేటు ముందు చెట్టు నీడన కూర్చున్న పిల్లల్ని పలకరించాను. దీప్తి పేరెత్తగానే నలుగురూ ఒక్కసారే మాట్లాడారు. ఒక పిల్ల చెప్పులు పక్కన విడిచి, అక్క ఎట్లా బయల్దేరుతుందో చూపించింది: రెండు చేతుల వేళ్లూ నేలకానించి, మోకాలు మడిచి, నడుము లేపి. బొటనవేలి కింద మట్టి చిన్న గుంట పడింది.

"ఇదే బడి నుంచి ఒలింపిక్స్‌కు పోయిన ఇంకో అక్క ఎవరో తెలుసా?" అన్నాను. పిల్లలు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. అటుగా వస్తున్న పెద్దాయనే జవాబిచ్చాడు: "ప్రణీత. బాణాల పిల్ల."

వర్ధినేని ప్రణీత. 2008 బీజింగ్ ఒలింపిక్స్ నాటికి 17 ఏళ్లు. డోలా బెనర్జీ, బొంబాయ్లా దేవితో కలిసి భారత మహిళల ఆర్చరీ జట్టులో ఆడింది. జట్టు క్వార్టర్‌ఫైనల్లో చైనా చేతిలో ఓడింది. వ్యక్తిగత పోటీలో ప్రణీత తొలి రౌండ్ గెలిచింది; రెండో రౌండ్‌లో ఉత్తర కొరియా ఆర్చర్‌తో సమానంగా నిలిచి, టైబ్రేక్‌లో ఓడిపోయింది. ఒలింపిక్ ఆర్చరీలో గురి 70 మీటర్ల దూరంలో ఉంటుంది. దాని అడ్డుకొలత 122 సెంటీమీటర్లు. పది పాయింట్లు ఇచ్చే నడిమి వలయం 12.2 సెంటీమీటర్లే. పిల్లల కోసం నేల మీద పుల్లతో ఆ వలయం గీసి, గేటు నుంచి 70 మీటర్లు అడుగులతో కొలిచాను. అక్కడ నిలబడి వెనక్కి చూస్తే నేను గీసిన గీత ఆనలేదు. పిల్లలు నా వెంటే పరుగెత్తుకొచ్చి, "గింత దూరమా!" అని నోళ్లు తెరిచారు.

పదహారేళ్ల తేడాతో ఒకే ఊరి బడి నుంచి ఒలింపిక్స్‌కు ఒకరు, పారాలింపిక్స్‌కు ఒకరు. ఇంత గొప్ప సంగతిలో సగం, ఆ గేటు దగ్గరి పిల్లలకు అప్పుడే అందకుండా పోయింది. నాకు బాధ కలిగింది అందుకే. స్విట్జర్లాండ్‌లోని లొసాన్‌లో 1993లో తెరిచిన ఒలింపిక్ మ్యూజియం అంత హంగు మనకు అక్కర్లేదు. బడిలో ఒక గది చాలు. అందులో ప్రణీత విల్లు, దీప్తి స్పైక్ బూట్లు; పక్కనే భూపాలపల్లి, ములుగు అడవుల్లో కోయలు వేటకు పట్టిన వెదురు విల్లొకటి. పేర్లు చెక్కిన ఇత్తడి పలకలు జనగామ పక్కన పెంబర్తి కళాకారుల చేత చేయించాలి. దేవుళ్ల కవచాల నుంచి షీల్డుల దాకా మలిచే చేతులు వాళ్లవి. దీప్తి పరుగును మొదట కనిపెట్టిన సారు మాటల్నీ, విల్లు పట్టడం నేర్పినవాళ్ల మాటల్నీ వాళ్ల గొంతులతోనే రికార్డు చేసి పెట్టాలి.

పెద్దాయనతో ఇదే అన్నాను. "గది ఉంటది సారూ, అడిగేటోళ్లు గావాలె" అన్నాడు. పంచాయతీకి ఇవ్వడానికి అర్జీ అక్కడే అరుగు మీద కూర్చుని రాశాం. మొదటి సంతకం ఆయనది.