బ్రాంకో గొంతు మారింది

పాత బండి కొంటే బండి ఒక్కటే రాదు, దాని రోగాలూ వెంట వస్తాయి. డెన్వర్‌లో మా రూమ్మేట్ కొన్నది 1974 ఫోర్డ్ బ్రాంకో. పొట్టి ఒళ్లు, లోపల మాత్రం 302 వీ8 ఇంజిన్, అంటే సుమారు 4.9 లీటర్లు. "ఇంత పెద్ద ఇంజిన్ పెట్టుకొని గీ దగ్గుడేందిరా?" అని వాడి బాధ. వాడిది వరంగల్. సరే, హెడర్లు, డ్యూయల్ ఎగ్జాస్ట్ బిగించి, అదే బండిలో యూటాలోని మోయబ్ వెళ్దామనుకున్నాం.

ఇంజిన్‌కి అటు నాలుగు, ఇటు నాలుగు సిలిండర్లు. కంపెనీ ఇచ్చిన పోత ఇనుము మానిఫోల్డ్‌లో నాలుగింటి పొగా ఒకే ఇరుకు దారిలో తోసుకుంటూ బయటికి రావాలి. హెడర్‌లో అయితే ఒక్కో సిలిండర్‌కు ఒక్కో గొట్టం. నాలుగూ కొంత దూరం వెళ్లాకే కలుస్తాయి. ముందు పోయిన పొగ వెనక వచ్చేదాన్ని లాక్కుని పోతుంది. ఇంజిన్‌కి ఊపిరి తేలికవుతుంది.

పనికి రెండు వారాంతాలు పట్టింది. ఇన్నేళ్ల వేడికి, తుప్పుకి పాత బోల్టులు అతుక్కుపోయాయి. రాత్రంతా నూనెలో నానబెట్టినా ఒకటి పుటుక్కున విరిగింది. డ్రిల్ పెట్టి దాన్ని తీసేసరికి ఒక పూట అయిపోయింది. పైపులేమో ముందు చక్రాలకు వెళ్లే షాఫ్ట్‌కీ, బ్రేకు గొట్టాలకీ, పెట్రోలు ట్యాంకుకీ దూరంగా పోవాలి. రెండు పైపుల మధ్య అడ్డంగా ఇంకో గొట్టం వేసి కలిపాం, ఒత్తిడి రెండు వైపులా సమానంగా ఉండాలని.

పక్కింటి పెద్దాయన చూసి, "ఒకసారి వేడెక్కి చల్లారాక బోల్టులన్నీ మళ్లీ బిగించండి" అన్నారు. అలాగే అని తలూపాం. స్టార్ట్ చేయగానే వచ్చిన ఆ గంభీరమైన గొంతు విన్న ఆనందంలో, ఆ మాట అక్కడే మర్చిపోయాం. కోడ్ రిలీజ్ చేసి లాగ్స్ చూడకుండా పడుకున్నట్టు!

డెన్వర్ నుంచి మోయబ్ సుమారు 350 మైళ్లు. ఐ-70 మీద కొండ ఎక్కుతుంటే చలికి అద్దాలు బిగించుకున్నాం. కాసేపటికి ఇద్దరికీ తల బరువు. వాడు ఒకటే ఆవలింతలు. ఎత్తు వల్లేమో అనుకున్నాం. 11 వేల అడుగుల పైన ఉన్న ఐసెన్‌హోవర్ సొరంగంలోకి వెళ్లాక, చప్పుడు విందామని అద్దాలు దించాం. గోడలకు తగిలి తిరిగొచ్చిన ఆ గర్జనలో సన్నగా టిక్ టిక్ టిక్. నా ఒళ్లు చల్లబడింది.

హెడర్ దగ్గర పొగ లీకవుతోంది. పాత బండి నేలకి చిల్లులు. అందులోంచి కార్బన్ మోనాక్సైడ్ లోపలికి వస్తోంది. దానికి రంగూ లేదు, వాసనా లేదు. నిద్ర వచ్చినట్టే ఉంటుంది, అంతే. సరదాగా చప్పుడు విందామనుకోకపోతే అద్దాలు దించేవాళ్లమే కాదు.

అద్దాలన్నీ తెరిచి, వణుకుతూ కిందికి దిగి సిల్వర్‌థోర్న్‌లో ఆపాం. హెడర్ చల్లారేదాకా చల్లగాలిలో కూర్చుంటే తలలూ తేలికపడ్డాయి. చూస్తే మూడు బోల్టులు వేళ్లతోనే తిరుగుతున్నాయి. వేడికి గాస్కెట్ అణిగి పట్టు వదిలేసింది. ఒక్కో బోల్టూ బిగించాం. మాటల్లేవు. కాసేపటికి వాడే అన్నాడు, "పెద్దాయన చెప్పిండు గదరా."

గ్లెన్‌వుడ్ లోయ, గ్రాండ్ జంక్షన్ దాటి సాయంత్రానికి మోయబ్ చేరాం. ఎర్రటి ఇసుకరాయి కొండలు. వాటిని స్లిక్‌రాక్ అంటారు, జారే రాయి అని. గుర్రాల ఇనుప నాడాలు జారేవట, అందుకా పేరు. రబ్బరు టైరుకి మాత్రం ఆ రాయి ఉప్పుకాగితంలా పట్టునిస్తుంది. హెల్స్ రివెంజ్ దారిలో నిట్టనిలువు రాయిని బ్రాంకో మెల్లగా, ఆయాసం లేకుండా ఎక్కింది. పడ్డ కష్టమంతా మర్చిపోయాం.

మర్నాడు సూర్యోదయం చూడాలని చీకట్లోనే లేచాం. వాడు తాళం చెవి పట్టుకుని చుట్టూ గుడారాలు చూశాడు. అందరూ నిద్రలో ఉన్నారు. "వద్దులేరా, నడుద్దాం పా" అన్నాడు. నడిచే వెళ్లాం. వచ్చాక, తిరుగు ప్రయాణానికి ముందు, నేను అడక్కుండానే పానా తీసుకుని బండి కిందికి దూరాడు.