పకడ్

బక్రీద్‌కి పది రోజుల ముందు హైదరాబాద్ నుంచి మా భాయ్‌జాన్ కొడుకు ఫోన్ చేశాడు. సలాం, ఖైరియత్ అయ్యాక అసలు సంగతికి వచ్చాడు.

"చాచా, కారుకి టైర్లు తీసుకుంటున్నా. ఫోటోలు పంపిస్తా, జర దేఖో."

వాడు నన్ను అడగడానికి కారణం ఉంది. తల్లాడ సెంటర్లో మా అబ్బా మర్హూమ్ ముప్ఫై ఏళ్లు టైర్ల దుకాణం నడిపారు. దుకాణం అంటే రేకుల షెడ్డు, ఒక కంప్రెసర్, నీళ్ల తొట్టి, రెండు లీవర్లు, ఒక సుత్తి, అంతే. ఖమ్మం నుంచి సత్తుపల్లి వైపు పోయే లారీలు, ఏన్కూరు మీదుగా కొత్తగూడెం, భద్రాచలం పోయే కర్ర లోడ్లు అన్నీ ఆ సెంటర్ దాటాల్సిందే. చదువు కోసం ఖమ్మంలో నానీ ఇంట్లో ఉన్నా సెలవులొస్తే నా డ్యూటీ ఆ తొట్టి దగ్గరే. ట్యూబుని నీళ్లలో ముంచి బుడగ ఎక్కడ లేస్తుందో వేలితో చూపించాలి. నాకు పని అంతవరకే వచ్చు. అసలు కారీగర్ మా భాయ్‌జాన్. కానీ టైర్ల మాటెత్తితే ఆయన లేచి లోపలికి పోతారు. అందుకే వాడు నా దగ్గరికొచ్చాడు.

వాడిది పోలో జీటీ, సెకండ్ హ్యాండ్. నేను కారు అంటాను, వాడు స్పోర్ట్స్ కార్ అంటాడు. చెన్నై దగ్గర ఇరుంగాట్టుకోట్టైలో రేస్ ట్రాక్ ఉంది కదా, ఫీజు కట్టి సొంత కారు అక్కడ తోలుకోవచ్చట. దోస్తులతో పోవాలని వాడి షౌక్. దానికి మామూలు టైర్లు పనికిరావు, మంచి గ్రిప్ ఉన్నవి కావాలి. గ్రిప్ అంటే మా అబ్బా భాషలో పకడ్. తెలుగు గిరాకీలకు పట్టు అని చెప్పేవారు. "టైరుకి రంగు చూడకు, పకడ్ చూడు" అని బొటనవేలి గోరు రబ్బరులో గుచ్చి చూసేవారు. గోరు దిగి, మచ్చ మెల్లగా పూడుకుంటే రబ్బరులో ప్రాణం ఉన్నట్టు. గోరు జారితే ఇంక అది చక్రమే, టైరు కాదు.

ఫోటోలు పెద్దవి చేసి చదివాను. 195/55 ఆర్ 16 87 వి. 195 మిల్లీమీటర్ల వెడల్పు, అందులో నూటికి 55 వంతు గోడ ఎత్తు, 16 అంగుళాల రిమ్ము. 87 అంటే ఒక్కో టైరు 545 కిలోలు మోస్తుంది, వి అంటే గంటకు 240 కిలోమీటర్ల దాకా తట్టుకుంటుంది. ఇవన్నీ కారుకి సరిపోయాయి. కింద ట్రెడ్‌వేర్ 100 అని ఉంది. మనం రోజూ వాడే కారు టైర్ల మీద ఈ నంబర్ 300, 400, ఇంకా పైన కూడా ఉంటుంది. నంబర్ తగ్గేకొద్దీ రబ్బరు మెత్తన, పకడ్ ఎక్కువ, ఉమర్ తక్కువ. ట్రాక్ మీదికీ రోడ్డు మీదికీ రెంటికీ నడిచే టైర్లు సాధారణంగా 200 దగ్గర ఉంటాయి. ఒక మాట, ఈ నంబర్ వేసేది కంపెనీ వాళ్లే, కాబట్టి ఒక కంపెనీ 200కీ ఇంకో కంపెనీ 200కీ తేడా ఉండొచ్చు.

చివర్లో చిన్న గుండ్రటి గీతలో నాలుగు అంకెలు: 1218. అంటే 2018లో పన్నెండో వారంలో పుట్టిన టైరు. ఏడేళ్ల ముసలిది. ఫోన్ చేశాను.

"బేటా, ఇవి ఎక్కడివి?"

"ఒకాయన అమ్ముతున్నాడు చాచా. ఎనభై శాతం లైఫ్ ఉందంట. కొత్తవి దొరకడం లేదు."

దొరకడం కష్టమన్నది అబద్ధం కాదు. 2020 జూన్‌లో కేంద్రం కొత్త టైర్ల దిగుమతి మీద ఆంక్ష పెట్టింది, లైసెన్స్ ఉంటేనే తెప్పించాలి. సదాశివపేటలో ఎమ్మారెఫ్ ఉంది, తిరుపతి వైపు అపోలో ఉంది, మామూలు టైర్లకి మనకి కొదవ లేదు. ఇలాంటి షౌక్ టైర్లు మాత్రం బయటి నుంచి రావాల్సిందే. అందుకే పాతవి చేతులు మారుతున్నాయి. కానీ రేస్ రబ్బరు ఒక్కోసారి బాగా వేడెక్కి చల్లారినప్పుడల్లా కొంత గట్టిపడుతుంది. గాడి లోతు ఎనభై శాతం ఉండొచ్చు, పకడ్ ఎంత ఉందో గోరు గుచ్చితే గాని తెలియదు. ఫోటోలో గోరు గుచ్చలేం కదా.

2023 ఫిబ్రవరి 11న హుస్సేన్ సాగర్ ఒడ్డున ఫార్ములా ఈ జరిగినప్పుడు నేను పేపర్ తరఫున పోయాను. లుంబినీ పార్క్, ఎన్టీఆర్ మార్గ్, మనం ఆటోలో పోయే రోడ్లే. జాన్ ఎరిక్ వెర్న్ గెలిచాడు. నాకు గెలుపు కన్నా టైర్లు గుర్తున్నాయి. కార్లన్నిటికీ ఒకే కంపెనీ టైరు, హాంకూక్ వాళ్లది. ఎండకీ వానకీ అదే. గాళ్లు చూస్తే మన రోడ్డు టైరులాగే ఉన్నాయి. నేను గుండు టైర్లు ఉంటాయనుకుని పోయాను. మీడియా గదిలో ఒక పెద్దమనిషి, నా గడ్డం చూసో ఏమో, "మీవాళ్లకి టైర్ల సంగతి బాగా తెలుసు కదా" అని నవ్వాడు. పంక్చర్ మాట అనలేదు, అన్నట్టే అన్నాడు. నేను కూడా నవ్వి, "హాఁ జీ, తెలుసు" అన్నాను. సోషల్ మీడియాలో ఆ గాలీ రోజూ చూస్తాం. నాకు కోపం వచ్చేది మా అబ్బా పనిని చూసి కాదు. రాత్రి రెండింటికి టైరు పేలిన లారీ డ్రైవర్ తలుపు కొడితే, లుంగీ సర్దుకుంటూ లాంతరు పట్టుకుని బయటికొచ్చిన మనిషిని గాలీగా మార్చారే, అందుకు.

సరే, గుండు టైర్ల సంగతి. పొడి రోడ్డు మీద గాళ్లు లేని నున్నటి టైరుకే పకడ్ ఎక్కువ, ఎందుకంటే ఎక్కువ రబ్బరు నేలను తాకుతుంది. గాళ్లు ఉన్నది నీళ్లను బయటికి తోసేయడానికి. వానలో గాళ్లు లేకపోతే టైరు నీటి మీద తేలుతుంది, స్టీరింగ్ తిప్పినా బండి వినదు. పైగా రేస్ రబ్బరు వేడెక్కితేనే అతుక్కుంటుంది. ట్రాక్ మీద రెండు మూడు రౌండ్లకు వేడెక్కేది, వానలో ఏన్కూరు రోడ్డు మీద ఎప్పటికి వేడెక్కాలి?

నా భతీజా అన్నాడు: "చాచా, తల్లాడకి ఇవే వేసుకుని వస్తా. తర్వాత కిన్నెరసాని దాకా ఒక డ్రైవ్ కొడదాం."

ఆ మాటకి నా నోట మాట రాలేదు. తర్వాత చేస్తానని ఫోన్ పెట్టేశాను.

1997లో మా భాయ్‌జాన్ తల్లాడ నుంచి కొత్తగూడేనికి జీపు తోలేవారు, సవారీల జీపు. వెనక టైర్లు రెండూ నున్నగా అరిగిపోయాయి. అబ్బా గోరు గుచ్చి చూసి, "మార్చాలి" అన్నారు. డబ్బు గల్లాలో ఉంది. అదే వారం నాకు డిగ్రీలో సీటొచ్చింది, తెలుగు మెయిన్. ఉర్దూ మీడియంలో చదివినవాడికి తెలుగేంటని ఖాందాన్ అంతా నవ్వినా భాయ్‌జాన్ మాత్రం చదవనీ అన్నారు. ఫీజు, హాస్టల్, పుస్తకాలు. "టైర్లు ఇంకో నెల నడుస్తాయి అబ్బా, వీడి ఫీజు కట్టండి" అన్నది కూడా ఆయనే. అబ్బా కట్టారు.

ఆగస్టులో, ఏన్కూరు దాటాక వాన. జీపు జారి మోరీ గోడకి కొట్టుకుంది. సవారీలకు దెబ్బలతో పోయింది, అల్హందులిల్లాహ్. భాయ్‌జాన్ కుడి మోకాలు మాత్రం మళ్లీ వంగలేదు. ఇప్పటికీ కుర్చీలో కూర్చునే నమాజ్ చదువుతారు. ఆ తర్వాత ఆయన స్టీరింగ్ పట్టలేదు. అబ్బా పోయేదాకా ఆ విషయం మా ఇంట్లో ఎవరూ ఎత్తలేదు. ఇన్నేళ్లు తెలుగులో ఇంత రాశాను, ఇది మాత్రం ఎక్కడా రాయలేదు.

రాత్రి ఇషా తర్వాత వాడికి ఫోన్ చేసి మొత్తం చెప్పాను. కొడుకుకి అప్పటిదాకా "యాక్సిడెంట్ అయింది" అన్నంత వరకే తెలుసు. చాలాసేపు ఏమీ అనలేదు. తర్వాత "ఫిర్ క్యా కర్నా చాచా?" అన్నాడు.

షౌక్ మానుకోమని నేను చెప్పలేదు. మా తరానికి టైరు రోజీ, వాడి తరానికి షౌక్ అయితే అల్లాహ్ ఇంకా ఇవ్వాలి. ట్రాక్‌కి వేరే సెట్, వేరే రిమ్ముల మీద పెట్టుకో, అక్కడికెళ్లాక మార్చుకో, ముసలి రబ్బరు మాత్రం నక్కో అన్నాను. అక్కడ వేడికి టైరులో గాలి పెరుగుతుంది కాబట్టి రౌండ్ రౌండ్‌కీ ప్రెషర్ చూసుకోవాలి, టైర్ల కన్నా ముందు బ్రేక్ ప్యాడ్లు మార్చుకోవాలి అని కూడా చెప్పాను. రోడ్డుకి మాత్రం వానలో పట్టు ఉన్నది, కొత్తది, లోతు గాళ్లున్నది. గాడిలో 1.6 మిల్లీమీటర్ల దగ్గర గుర్తు ఉంటుంది, అక్కడిదాకా అరిగితే చట్టం ప్రకారమే టైరు అయిపోయినట్టు. మన వానలకి అంతదాకా ఆగకూడదని నా తజ్రిబా.

పండగ ముందురోజు అసర్ వేళకి వాడు తల్లాడ వచ్చాడు. దారంతా వానే. నాలుగూ కొత్తవి, గాళ్ల మధ్య సన్నటి రబ్బరు వెంట్రుకలు ఇంకా ఊడలేదు. భాభీ చాయ్ పెట్టడానికి లోపలికి వెళ్లింది. భాయ్‌జాన్ కర్ర పట్టుకుని వాకిట్లోకి వచ్చి, కారు చుట్టూ ఒకసారి తిరిగారు. వెనక చక్రం దగ్గర ఆగి, వంగని మోకాలిని పక్కకి చాపి, ఒక చెయ్యి కొడుకు భుజం మీద వేసి కిందికి వంగారు. బొటనవేలి గోరు రబ్బరులో గుచ్చారు.

"కిత్నే కే పడే?" అన్నారు.

వాడు ధర చెప్పాడు. భాయ్‌జాన్ గోరు గుచ్చిన చోటు పూడుకునేదాకా చూసి, ముందు చక్రం వైపు నడిచారు.