మారీ బోయినె పాట

నార్వే అనగానే మన పిల్లలు అర్ధరాత్రి సూర్యుడు కనిపించే దేశం అంటారు. పరీక్షకు అంతే కావాలి. ఆ దేశపు ఉత్తర కొసన రెయిన్‌డీర్ మందలు కాసుకుంటూ, చేపలు పట్టుకుంటూ బతికిన సామి అనే ఆదివాసులున్నారు. మన కోయ నేల తెలంగాణ, ఆంధ్ర, ఛత్తీస్‌గఢ్, ఒడిశాల మధ్య ముక్కలైనట్టే వాళ్ల నేల నార్వే, స్వీడన్, ఫిన్లాండ్, రష్యాల మధ్య నాలుగు ముక్కలైంది. ఆ జనంలోంచి వచ్చిన గాయని మారీ బోయినె. పాట తనే రాసుకుంటుంది, తనే బాణీ కడుతుంది, తనే పాడుతుంది. మన వైపు ఆమె పేరు విన్నవాళ్లు నాకింతవరకు తగల్లేదు.

ఆమె కూడా నాలాగే టీచర్ ట్రైనింగ్ చేసిందని తెలిశాక నాకు అభిమానం మరీ పెరిగింది. 1956లో ఫిన్‌మార్క్ ప్రాంతంలో పుట్టింది. నార్వే ప్రభుత్వం వందేళ్లకు పైగా బడి ద్వారా సామి పిల్లల నోట్లోంచి సామి భాషను తీసేసే పని చేసింది. ఇంట్లో క్రైస్తవ భక్తి గట్టిది. సామీల సొంత పాట ‘యోయిక్’ను సైతాను పాట అనేవాళ్లు. బడిలో భాష పనికిరాదు, ఇంట్లో పాట పనికిరాదు. అలా పెరిగిన పిల్ల పెద్దయ్యాక ఆ రెండింటినీ కలిపి పట్టుకుంది.

ఆమె కళ్లు తెరిపించింది ఆల్టా నది పోరాటం. ఆ నదికి ఆనకట్ట కడతామంటే సామీలు తిరగబడ్డారు. 1979లో రాజధాని ఓస్లోలో పార్లమెంటు ముందు నిరాహార దీక్షకు కూర్చున్నారు. గోదావరి ఒడ్డున పుట్టిన మనకు ఆనకట్ట అంటే ఏమిటో ఎవరూ చెప్పక్కర్లేదు. అక్కడా ఆనకట్ట ఆగలేదు. కానీ ఆ పోరాటం వల్లే 1989లో సామి పార్లమెంటు ఏర్పడింది. అదే ఏడాది ఆమె ‘గులా గులా’ ఆల్బమ్ వచ్చింది. గులా అంటే విను అని అర్థం.

అందులో డప్పు లాంటి చేతి వాయిద్యం, దాని పక్కనే గిటారు, వాటి మధ్య ఆమె గొంతు. ఒకప్పుడు మిషనరీలు సామీల డోళ్లను తగలబెట్టారు. అది తెలిసి వింటే ప్రతి దెబ్బా వేరుగా వినిపిస్తుంది. యోయిక్‌లో మనిషి గురించి పాడరట, ఆ మనిషినే పాడతారట. మన రేల పాటలు విన్న చెవికి ఈ మాట కొత్తగా అనిపించదు. ఆల్బమ్‌లో ఒక పాట మాత్రం నార్వేజియన్‌లో ఉంది. అది జనాన్ని ఎలా అణచాలో దొరలకు చెప్పే ఎగతాళి పాట. ఎవరికి తగలాలో వాళ్ల భాషలోనే పాడింది.

1994లో లిల్లెహామర్ ఒలింపిక్స్ ప్రారంభంలో పాడమని పిలిస్తే వెళ్లలేదు. సామీలను వేడుకకు అలంకారంగా వాడుకుంటున్నారని ఆమెకు అనిపించింది. మనకేం తెలియని సంగతా ఇది? పెద్దసార్లు వస్తే కొమ్ముకోయ నృత్యం కావాలి. వాళ్ల కార్లు వెళ్లిపోయాక మన భాష ఎవరికీ అక్కర్లేదు.

ఆమె పాటలన్నీ నాకు నచ్చుతాయని చెప్పను. 2017లో ఇంగ్లీషులో చేసిన పాప్ ఆల్బమ్ వింటుంటే ఆ గొంతు వేరే ఇంటికి చుట్టంగా వెళ్లినట్టుంటుంది. కొత్తగా వినేవాళ్లు ‘గులా గులా’తో మొదలుపెట్టండి. తర్వాత 2002లో వచ్చిన, ఎనిమిది ఋతువులు అనే అర్థమున్న ఆల్బమ్ వినండి. సామీలకు ఏడాదికి ఎనిమిది ఋతువులు. ఆ లెక్క నార్వే పాఠ్యపుస్తకం నేర్పింది కాదు, రెయిన్‌డీర్ వెనక నడిచినవాళ్లు నేర్చుకున్నది.

మన కుర్రాళ్లు ఇప్పుడు ఫోన్లలోనే పాటలు రికార్డు చేసి వదులుతున్నారు. గొంతులు బాగుంటాయి, డప్పు బాగుంటుంది. మాటలు మాత్రం ఎక్కువగా తెలుగు సినిమావి. మా బడిలో ఒకటో తరగతికి కోయ మాట్లాడుతూ వచ్చిన పిల్లలు ఐదో తరగతికి వచ్చేసరికి నా ముందు ఆ భాష ఎత్తరు. వాళ్ల చేత మళ్లీ మాట్లాడించడం ఒక్క పుస్తకం వల్ల కాదు, పాట కావాలి. గిటారు పెట్టుకోండి, కీబోర్డు పెట్టుకోండి, మారీ బోయినె కూడా పెట్టుకుంది. మాట మాత్రం మన అమ్మలదై ఉండాలి.